ఆగని బండి, విడిపోయే పెట్టె: ఒక నమూనా రైలు ప్రాజెక్టు డైరీ

జనవరి 12, ఆదివారం

యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఒక కుక్క ఉంది. పేరు లాడీ, ఎయిర్‌డేల్ జాతి. 1949 నుంచి 1956 దాకా లండన్‌లోని వింబుల్డన్ స్టేషన్లో దాని ఉద్యోగం. వీపుకి ఒక డబ్బా కట్టుకుని ప్లాట్‌ఫారం మీద తిరిగేది, వచ్చేపోయేవాళ్ళు చిల్లర వేసేవాళ్ళు. ఆ డబ్బు వోకింగ్‌లో రైల్వే కుటుంబాల కోసం నడిచే ఆశ్రమానికి వెళ్ళేది. రిటైరయ్యేసరికి 5,000 పౌండ్లు దాటించింది. 1960లో చనిపోయాక దాని చర్మంలో దూది కూరి మళ్ళీ అదే స్టేషన్లో నిలబెట్టారు. 1990 దాకా అక్కడే ఉండి, ఆ తర్వాత యార్క్ చేరింది.

మా అమ్మాయి ఆ అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "నాన్నా, కుక్కకి కూడా రిటైర్మెంటు ఉందా?" అంది. కారెక్కాక "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని మొదలుపెట్టింది. నేను చెప్తూ పోయాను. ఇల్లు చేరేసరికి మూడు గంటలైంది, నా దగ్గర సరుకు మాత్రం అయిపోలేదు.

పన్నెండేళ్ళుగా ఇంగ్లండులో ఉంటున్నాను. ఎనిమిదేళ్ళుగా నమూనా రైళ్ళు కడుతున్నాను. ఇప్పటిదాకా కట్టినవన్నీ అందరూ కట్టేవే: పల్లెటూరి స్టేషను, చిన్న ఇంజను, రెండు పెట్టెలు, నాలుగు గొర్రెలు. ఈసారి అవి కాదు. బ్రిటన్ పట్టాల మీద నిజంగా తిరిగి, చూసినవాళ్ళని నిలబెట్టేసిన వింతల్నే కడతాను. నియమం ఒక్కటే పెట్టుకున్నాను: ఆ వింత ఎందుకు పుట్టిందో, ఎలా పనిచేసిందో తెలియకుండా కత్తి పట్టుకోకూడదు.

జనవరి 19

ఏవి కట్టాలో తేల్చుకోవడానికే వారం పట్టింది. మనసు చంపుకుని పక్కన పెట్టినవి కొన్ని రాసుకుంటాను, ఎప్పటికైనా పనికొస్తాయి.

బ్రైటన్ దగ్గర సముద్రంలో నడిచిన బండి. మాగ్నస్ వోల్క్ అనే ఇంజనీరు 1896లో పట్టాల్ని ఒడ్డు వెంబడి నీళ్ళ అడుగున వేసి, ఏడు మీటర్ల ఎత్తు కాళ్ళ మీద ఒక పెద్ద వేదికను నడిపాడు. సముద్రం మీద పోతుంది కాబట్టి దాని మీద లైఫ్‌బోటు ఉండాల్సిందే. మొదలైన వారానికే తుఫాను పడగొట్టింది. మళ్ళీ నిలబెట్టి 1901 దాకా నడిపారు. కట్టాలంటే నీళ్ళు కావాలి. మాది రెండో అంతస్తులో గది.

గ్లాస్గో పక్కన మిల్‌గయ్‌లో 1930లో జార్జ్ బెన్నీ వేలాడదీసిన ప్రొపెల్లరు బండి. కింద మామూలు రైలు పోతూంటే, పైన ఉక్కు చట్రానికి వేలాడుతూ విమానం ముక్కలాంటి డబ్బా ఒకటి. పరీక్షకు వేసిన ఆ కొద్ది దారి దాటి అది ఎక్కడికీ పోలేదు. 1956లో పాత ఇనుము కింద విప్పేశారు.

1977లో రాణి సిల్వర్ జూబిలీకి స్ట్రాట్‌ఫర్డ్ షెడ్డువాళ్ళు రెండు డీజిల్ ఇంజన్ల పక్కల మీద పెద్ద యూనియన్ జాక్ జెండాలు వేశారు. ఇది సులువే, ఎవరైనా వేస్తారు. 1980ల్లో బస్సు శరీరాన్ని నాలుగు చక్రాల చట్రం మీద కూర్చోబెట్టి రైలని నడిపిన పేసర్లు కూడా పక్కకే. అవి 2021 దాకా తిరిగాయి, నేనూ ఎక్కాను. వంపుల్లో ఆ చక్రాలు పెట్టే కీచుశబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది. అది లేకుండా పేసరు కడితే పేసరు కాదు.

మిగిలినవి మూడు. నడుస్తున్న బండి నుంచి విడిపోయే పెట్టె. సారాయి కొట్టు వేషం వేసుకున్న పెట్టె. గుర్రాల పెట్టెల్ని లాగిన గుర్రం.

జనవరి 26

లెక్కలు. ఇక్కడ ఎక్కువమంది వాడే ఓఓ కొలతలోనే కడుతున్నాను. నిజంలో ఒక అడుగు నా బల్ల మీద 4 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 76వ వంతు. పట్టాల మధ్య దూరం మాత్రం 16.5 మిల్లీమీటర్లే. నిజానికి 18.83 ఉండాలి. వంద ఏళ్ళ కిందట బ్రిటిష్ ఇంజన్లు సన్నగా ఉండటంతో అప్పటి మోటార్లు వాటిలో పట్టలేదు. బొమ్మను కొంచెం పెద్దది చేసి, పట్టాలు మాత్రం యూరప్ కొలతలోనే ఉంచేశారు. ఆ తేడా ఇప్పటికీ మోస్తున్నాం.

గది పొడుగు గోడకి 4.2 మీటర్ల బల్ల, విడిపోయే పెట్టెకి. పొట్టి గోడకి 2.4 మీటర్లు, మిగతా రెండింటికీ చెరి సగం. మధ్యలో అడ్డుపలకలు పెడుతున్నాను. ఎందుకంటే మూడూ మూడు వేర్వేరు చోట్ల జరిగినవి: ఒకటి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, ఒకటి లండన్ వాటర్లూ నుంచి పడమటి తీరానికి పోయే దారిలో, ఇంకొకటి న్యూమార్కెట్‌లో. మూడింటినీ కలిపి ఒక ఊరు చేస్తే అది అబద్ధమవుతుంది.

అసలు చిక్కు పొడుగు గోడ దగ్గరే. నిజంలో పెట్టె స్టేషనుకి మైలు దూరంలో విడిపోయేది. మైలంటే నా కొలతలో 21 మీటర్లు. నాకున్న 4.2 మీటర్లు నిజంలో 320 మీటర్లకి సమానం. గంటకి 60 మైళ్ళ బండి నా బల్ల మీద సెకనుకి 35 సెంటీమీటర్లు పోవాలి, అంటే ఈ కొస నుంచి ఆ కొసకి 12 సెకన్లు. ఆ 4.2 మీటర్లలోనే విడిపోవాలి, బండి ముందుకెళ్ళాలి, పెట్టె వెనకబడాలి, ప్లాట్‌ఫారం దగ్గర నిలబడాలి. దూరాన్ని కుదించక తప్పదు. వేగాన్ని మాత్రం కుదించను.

ఫిబ్రవరి 9

ఈ పెట్టె గురించి ఇప్పుడు వివరంగా రాస్తాను. దీన్ని ఇక్కడ స్లిప్ కోచ్ అంటారు.

ఎక్స్‌ప్రెస్ బండి చిన్న స్టేషన్లో ఆగదు. ఆగితే చాలా సమయం పోతుంది: వేగం తగ్గించాలి, నిలబడాలి, మళ్ళీ ఆవిరి ఇంజనుతో అంత బరువునీ అందుకోవాలి. ఆ ఊళ్ళో దిగేవాళ్ళూ టిక్కెట్టు కొన్నవాళ్ళే. అందుకని చివరి పెట్టెలో వాళ్ళని కూర్చోబెట్టి, అందులో విడిగా ఒక గార్డుని పెట్టి, బండి 60 మైళ్ళ మీద పోతూండగానే పెట్టెను వదిలేసేవాళ్ళు. బండి హోరుమంటూ స్టేషను దాటిపోయేది. ఒక నిమిషం తర్వాత ఇంజనూ లేకుండా, పొగా లేకుండా ఒంటరి పెట్టె ఒకటి మెల్లగా వచ్చి ప్లాట్‌ఫారం పక్కన నిలబడేది. తలుపులు తెరుచుకునేవి, జనం దిగి ఇళ్ళకి పోయేవాళ్ళు. 1858లో మొదలైన ఈ పద్ధతి వందేళ్ళు దాటి నడిచింది. ఆఖరి పెట్టె 1960 సెప్టెంబరు 10న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బిస్టర్ నార్త్ స్టేషన్లో విడిపోయింది. అది సాయంత్రం 5:10కి లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుంచి వోల్వర్‌హాంప్టన్‌కి బయల్దేరిన బండి.

నేను కడుతున్నది ఆ బిస్టర్‌నే. గ్రేట్ వెస్టర్న్ రైల్వే చీఫ్ మెకానికల్ ఇంజనీరు హాక్స్‌వర్త్ కాలపు పెట్టెను 1950ల చివర్లో ఈ పనికి మార్చారు. 64 అడుగుల పెట్టె, అంటే నా చేతిలో 256 మిల్లీమీటర్లు. కొన్న పెట్టె కొసని సన్న రంపంతో కోసి, గార్డు ముందుకు చూసుకునే కిటికీలు ప్లాస్టిక్ రేకుతో చేశాను. ఇక్కడివాళ్ళు బోగీ అంటే పెట్టె కింద ఉండే నాలుగు చక్రాల బండి మాత్రమే. మనం పెట్టె మొత్తాన్నీ బోగీ అంటాం. మొదటి ఏడాది నమూనా రైళ్ళ క్లబ్బులో ఈ ఒక్క మాట దగ్గర నేనొకటి అడిగితే వాళ్ళొకటి ఇచ్చేవాళ్ళు.

విడగొట్టడానికి మొదటి ప్రయత్నం: పట్టాల మధ్య అయస్కాంతం, దాని మీదికి రాగానే తెరుచుకునే కొక్కెం. ఇరవై మూడు సార్లు నడిపాను. ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. కారణం నాలుగో రోజుకి అర్థమైంది. ఈ రకం కొక్కెం కొంచెం సడలితేనే తెరుచుకుంటుంది. బండి లాగుతున్నంతసేపూ బిగుసుకునే ఉంటుంది. షంటింగులో, అంటే యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ మార్చే పనిలో, బండి ఆగి, అంగుళం వెనక్కి నెట్టి విడగొట్టేవాళ్ళకి ఇది సరిపోతుంది. నాకు పనికిరాదు.

ఫిబ్రవరి 21

ఈ తేదీ కోసమే గుర్రాన్ని ఆపి ఉంచాను. 1967లో సరిగ్గా ఇదే రోజున న్యూమార్కెట్ యార్డులో చార్లీ పదవీ విరమణ చేసింది. బ్రిటిష్ రైల్వేలో షంటింగు చేసిన ఆఖరి గుర్రం అదే. 1967! అప్పటికి డీజిల్ ఇంజన్లు తిరుగుతున్నాయి, లండన్ నుంచి మాంచెస్టర్‌కి కరెంటు బండ్లు పోతున్నాయి. ఇక్కడ ఒక గుర్రం ఇంకా పెట్టెలు లాగుతోంది. లాగే పెట్టెల్లో ఏముండేవి? పందెపు గుర్రాలు. న్యూమార్కెట్ గుర్రప్పందేలకి రాజధాని. ఒక్కో గుర్రం వేల పౌండ్ల విలువ చేసేది. వాటిని పెట్టెల్లో కూర్చోబెట్టి ఈ బరువుల గుర్రం చేత లాగించేవాళ్ళు. మా అమ్మాయి ఇది విని "పాపం చార్లీ" అంది. నాకు మాత్రం చార్లీయే గొప్పగా అనిపిస్తుంది. పెట్టె కదిలించడానికి ఒక్కసారి ఒళ్ళంతా బిగించాలి. కదిలాక అది మీదికొస్తుంది, పక్కకి తప్పుకోవడం కూడా తెలిసుండాలి. అందుకే షంటింగు గుర్రం పెట్టె ముందు నడవదు. పట్టాల పక్కన నడుస్తుంది, గొలుసు పెట్టె పక్కనున్న కొక్కేనికి తగిలిస్తారు.

చాలా నమూనాల్లో గుర్రాన్ని పట్టాల మధ్య, ఎద్దుబండికి కట్టినట్టు నిలబెడతారు. అది తప్పు. మంచి బరువుల గుర్రం భుజం దగ్గర 64 అంగుళాలు, నాకు 21 మిల్లీమీటర్లు. తెల్ల లోహపు బొమ్మ కొని, ముందుకాళ్ళు వేడి చేసి వంచి, మెడ కిందికి దించాను. నిటారుగా నిలబడ్డ గుర్రం బరువు లాగుతున్నట్టు ఉండదు. గొలుసు దొరికినవన్నీ మోటుగా ఉన్నాయి. చివరికి మా ఆవిడ పాత వెండి పట్టీ తెగిపోయినది ఇచ్చింది. నల్లరంగులో ముంచితే సరిగ్గా కుదిరింది.

మార్చి 2

లాడీని వింబుల్డన్ నుంచి ఇక్కడికి తేలేను కాబట్టి దాని బొమ్మ 10 మిల్లీమీటర్లది చేసి, మూడో బల్ల చివర విడిగా ఒక గాజు బిళ్ళ కింద పెట్టాను. అమ్మాయి రంగు వేసింది. వీపు మీద డబ్బా ఎర్రగా ఉండాలని పట్టుబట్టింది. దానికి నేను అడ్డు చెప్పలేదు.

మార్చి 16

సారాయి కొట్టు పెట్టె. రెండు వారాలుగా రాత్రులన్నీ దీనికే.

1949లో బ్రిటిష్ రైల్వే దక్షిణ విభాగమైన సదరన్ రీజియన్ చీఫ్ మెకానికల్ ఇంజనీరు ఆలివర్ బుల్లీడ్ ఎనిమిది టావెర్న్ కార్లు తయారు చేయించారు. భోజనశాల పెట్టె, దాని పక్కన బారు పెట్టె. బారు ఉన్న భాగాన్ని బయటి నుంచి పాత ఇంగ్లీషు పల్లె సారాయి కొట్టులా రంగు వేశారు: కింద ఎర్ర ఇటుకల గోడ, పైన తెల్ల గారలో నల్ల దూలాలు. ఇటుకలూ నిజం కాదు, దూలాలూ నిజం కాదు, ఇనుప రేకు మీద రంగే. ఒక్కో దానికి కొట్టు పేరు, కొట్టు బోర్డు: వైట్ హార్స్, జాలీ టార్, డాల్ఫిన్, గ్రీన్ మ్యాన్, క్రౌన్, ఇలాగ. లోపల కూడా ఓకు దూలాలు, సీసపు గళ్ళ చిన్న కిటికీలు. మిగతా పెట్టె ముదురెరుపు, మీగడరంగు. ఇది వాటర్లూలో అట్లాంటిక్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌కి తగిలించి, దర్జాగా పడమటి తీరానికి పంపేవాళ్ళు.

ఇల్లు రైలెక్కి పోతున్నట్టుండే ఆ దృశ్యం చూసి కొందరు ముచ్చటపడ్డారు, కొందరు మండిపడి పత్రికలకి లేఖలు రాశారు. నిజంగా తప్పు జరిగింది మాత్రం పక్కనున్న భోజనశాల పెట్టెలో. దానికి పక్కగోడల్లో మామూలు కిటికీలు పెట్టలేదు. పైన సన్నటి అద్దాలు మాత్రమే. బయట చూడటానికి ఏమీ లేకపోతే జనం తొందరగా తినేసి లేస్తారనేది దాని వెనకున్న ఆలోచనని అప్పట్లో చెప్పుకునేవాళ్ళు. రైల్లో కూర్చుని కిటికీ లేకుండా అన్నం తినమంటే ఎవరు తింటారు? ఎక్కువకాలం కాకముందే గోడలు కోసి మామూలు కిటికీలు పెట్టారు. నేను కిటికీలు లేని మొదటి రూపమే కడుతున్నాను. ఆ మొండితనం కనబడాలి.

బుల్లీడ్ అంటే నాకు గౌరవం. అదే ఏడాది ఆయన రెండంతస్తుల లోకల్ బండిని కూడా పట్టాలెక్కించారు. బ్రిటన్‌లో వంతెనలూ సొరంగాలూ ఇరుకు, పూర్తి రెండంతస్తులు పట్టవు. పై వరస సీట్ల మధ్యలోకి కింది వరస తలలు వచ్చేలా, రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు అమర్చారు. పైన కిటికీలు తెరుచుకోవు. ఎక్కి దిగడానికి స్టేషన్లలో ఆలస్యం. అయినా ఆ రెండు బండ్లూ చేరింగ్ క్రాస్ నుంచి డార్ట్‌ఫర్డ్ వైపు 1971 దాకా పనిచేశాయి. జనం కిక్కిరిసి పోతున్నారు, ప్లాట్‌ఫారాలు పొడిగించడం కష్టం, మరి సీట్లు ఎక్కడ పెట్టాలి అని ఆయన కూర్చుని ఆలోచించారు. ఆ జవాబు చూడటానికి వింతగా ఉండొచ్చు. అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

ఇటుకల పని. నిజం ఇటుక 9 అంగుళాల పొడుగు, 3 అంగుళాల ఎత్తు అనుకుంటే నాకు 3 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు. అచ్చు వేసిన ఇటుక కాగితం అంటించి చూశాను. పెట్టె పక్కలు కిందికి వచ్చేకొద్దీ లోపలికి వంగుతాయి. ఆ వంపు దగ్గర కాగితం ముడతపడింది. పైగా అచ్చు ఇటుకలు మరీ నిజం ఇటుకల్లా ఉన్నాయి! నాకు కావాల్సింది ఇటుక కాదు, ఇటుకలా వేసిన రంగు. ఆ తేడా చెయ్యి చూపించాలి.

అందుకని కాగితం గీకేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. ముందు ఇటుక ఎరుపు ఒక పూత, పలచగా. రెండు రోజులు ఆరనిచ్చాను. తర్వాత రూలింగ్ పెన్ను, అంటే పూర్వం డ్రాయింగ్ ఆఫీసుల్లో వాడిన, రెండు ఉక్కు రేకుల మధ్య సిరా నిలిచే కలం. రేకుల ఎడం మర తిప్పి 0.2 మిల్లీమీటర్లకు తెచ్చాను. సున్నపు రంగుని పాలకన్నా కొంచెం చిక్కగా కలిపి, కుంచెతో రేకుల మధ్య ఒక్క చుక్క వేశాను. చిక్కనైతే కలం నుంచి దిగదు, పలచనైతే గీత మొదట్లోనే బొట్టు పడుతుంది. పాత గిన్నె అంచు మీద గీసి చూసుకోవడం, తర్వాత పెట్టె మీద ఒక్క గీత. ఊపిరి బిగబట్టి, ముంజేయి బల్లకి ఆనించి, ఉక్కు స్కేలు వెంబడి. స్కేలు పెట్టెకి తాకితే తడి గీత చెదిరిపోతుంది కాబట్టి దాని కింద రెండు అగ్గిపుల్లలు అంటించాను. అడ్డగీతలు పదహారు. ఇక నిలువు గీతలు ఒక్కో వరసలో, పై వరస ఇటుక మధ్యకి వచ్చేలా. ఇవి కలంతో కుదరలేదు, మూడు వెంట్రుకల కుంచెతో వేశాను. రాత్రికి మూడు వరసలు. నాలుగోదానికి పోతే చెయ్యి వణికేది.

కొట్టు పేరు వైట్ హార్స్. 6 మిల్లీమీటర్ల పలక మీద తెల్ల గుర్రం. చార్లీ తర్వాత గుర్రం నాకు చేతికి వచ్చేసింది, మూడో సారికే కుదిరింది.

ఏప్రిల్ 13

మావయ్యగారు, అత్తయ్యగారు వచ్చి పది రోజులైంది. ఆరు నెలలుంటారు. మావయ్యగారు విజయవాడలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మూడో రోజు దాకా గదిలోకి రాలేదు. వచ్చాక ఇక బయటికి రాలేదు.

"స్లిప్ కోచ్ కడుతున్నానండి మావయ్యగారూ," అన్నాను.

"ఓస్, అవి మాకూ ఉండేవి కదండీ అల్లుడుగారూ. బండి జంక్షన్లో ఆగాక రెండు పెట్టెలు కోసి ఇంకో బండికి తగిలించేవాళ్ళం. మా దగ్గరా స్లిప్ కోచ్ అనే అనేవాళ్ళు."

"ఇది ఆగకుండా విడిపోతుందండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆగకుండా అంటే?"

"అరవై మైళ్ళ మీద."

"అంటే ట్రెయిన్ పార్టింగ్! నా సర్వీసంతా ఆ ఒక్కటీ జరగకూడదని దండం పెట్టుకున్నాను. వీళ్ళు టైం టేబుల్లో వేసుకుని మరీ చేశారా?"

ఆ రోజు భోజనాలు మూడింటికి. ఆయన అడిగినవన్నీ గార్డు అడిగే ప్రశ్నలే. బ్రేకు గొట్టంలో గాలి తీసేసి వ్యాక్యూమ్ ఎంత పెట్టేవాళ్ళు? గ్రేట్ వెస్టర్న్ దారిలో పాదరసం కొలతలో 25 అంగుళాలు, మిగతా చోట్ల 21 అన్నాను. సరే, గొట్టం విడిపోతే గాలి లోపలికి దూరి బ్రేకులు వాటంతటవే పడిపోవాలి కదా, పెట్టె అక్కడే నిలబడిపోదా? అందుకే విడిపోయేముందు గొట్టానికి మూత పడేలా ఏర్పాటుండేది. పెట్టె కింద విడిగా పెద్ద వ్యాక్యూమ్ డబ్బాలు ఉండేవి. వాటితో గార్డు తన పెట్టె బ్రేకుని ఒకసారి వేసి, విడిచి, మళ్ళీ వేసుకోగలిగేవాడు. దారిలో మనుషులుంటే మోగించడానికి గంటో హారన్నో ఉండేది. ఆయన తలూపారు. "అంటే డ్రైవరూ అతనే, గార్డూ అతనే."

తర్వాత అసలు ప్రశ్న వేశారు. "ఎల్వీ బోర్డు సంగతేంటి?"

మనదగ్గర ఆఖరి పెట్టెకి ఎల్వీ, అంటే లాస్ట్ వెహికల్, బోర్డు వేలాడుతుంది. అది కనబడకపోతే క్యాబిన్లో ఉన్నవాడు బండి పూర్తిగా రాలేదని, వెనక పెట్టెలు దారిలో ఉండిపోయాయని అనుకుంటాడు. ఇంకో బండిని వదలడు. ఇక్కడ ఆఖరి పెట్టె కావాలనే ఉండిపోతోంది. మరి ముందుకెళ్ళిన బండి వెనక ఏం కనబడాలి? బ్రిటన్‌లో దీనికి వేరే నియమమే ఉండేది: స్లిప్ పెట్టెకి మామూలు తోక దీపం కాకుండా ప్రత్యేక దీపాలు, అది విడిపోయాక ముందు బండి చివర ఇంకో తోక దీపం. చూసిన సిగ్నల్‌మన్‌కి ఇది ప్రమాదం కాదని తెలిసేది. నా బండి చివరి పెట్టెకి దీపమే పెట్టలేదు. మూడు నెలలుగా రోజూ చూస్తున్నా నా కంటికి ఆనలేదు. ఆయన నిమిషంలో పట్టుకున్నారు. సాయంత్రానికి రెండు దీపాలూ అమర్చాను.

ఏప్రిల్ 27

కొక్కెం మళ్ళీ చేశాను. ఈసారి నిజం పద్ధతిలోనే. నిజం స్లిప్ పెట్టె కొక్కేనికి మధ్యలో మడతబందు ఉంటుంది. దాన్ని ఒక గడియ పట్టి ఉంచుతుంది. గార్డు లివరు లాగితే గడియ వెనక్కి పోతుంది, కొక్కెం ముందుకి వాలిపోతుంది, ముందు పెట్టె గొలుసు జారి విడిపోతుంది. అంటే బండి లాగుతూ ఉంటేనే ఇది బాగా తెరుచుకుంటుంది. నా అయస్కాంతం కథకి సరిగ్గా తిరగేసి!

ఇత్తడి రేకులో కొక్కెం, గుండుసూది మొన మడతబందు, గడియకి 0.4 మిల్లీమీటర్ల ఉక్కు తీగ. గార్డు గదిలో గోరంత సర్వో మోటారు దాన్ని వెనక్కి లాగుతుంది. మొదటిసారే తెరుచుకుంది. మావయ్యగారు చప్పట్లు కొట్టారు.

ఆనందం ఒక నిమిషమే. విడిపోయిన పెట్టె 40 సెంటీమీటర్లు పోయి నిలబడిపోయింది. నాకు 2.5 మీటర్లు కావాలి. పెట్టెను 76వ వంతుకి తగ్గించాం కానీ, దాని బరువు అంతకన్నా ఎన్నో రెట్లు తగ్గిపోయింది. నిజం పెట్టె 30 టన్నులకు పైన ఉంటుంది, ఆ ఊపు దాన్ని మైలు మోస్తుంది. నా పెట్టె పావు కిలో లేదు. ఇరుసుల చివర ఇత్తడి గిన్నెలు పెట్టాను, సీసపు ముక్కలు వేశాను. 55 సెంటీమీటర్లు. పట్టాలకి వాలు ఇద్దామా అన్నాను.

"వద్దండి," అన్నారు మావయ్యగారు. "వాలు మీద పెట్టె నిలబడదు. రేపు మీ అమ్మాయి వేలు తగిలితే అదే పోతుంది. అసలు పెట్టెకి బ్రేకు కావాల్సొచ్చింది. మీ పెట్టెకి తోపు కావాలి. తోపే పెట్టండి."

మే 18

తోపు పెట్టాను. పెట్టె వెనక బోగీలో చిన్న మోటారు, దానికి విడిగా డీకోడరు, అంటే పట్టాల మీదుగా వచ్చే ఆదేశాల్ని చదివి మోటారుని నడిపే చిన్న చిప్పు. ఇంజను ఒక నంబరు మీద, పెట్టె ఇంకో నంబరు మీద నడుస్తాయి. పెట్టె మోటారుని ఇంజనుకన్నా ఒక్క పిసరు నెమ్మదిగా పెట్టాలి. సమానంగా పెడితే కొక్కేనికి లాగుడు ఉండదు, గడియ తీసినా విడిపోదు. వేగంగా పెడితే ముందు పెట్టెని నెడుతుంది. రెండింటినీ ఖాళీగా పట్టాల మీద పరిగెత్తించి, స్టాప్‌వాచీతో సరిచూడటానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. 35 సెంటీమీటర్ల వేగం నుంచి 2.5 మీటర్లలో సమంగా తగ్గుతూ ఆగాలంటే 14 సెకన్లు. డీకోడరులో ఆ లెక్కే వేశాను.

నిన్న ఒక ప్రమాదం. పెట్టె చక్కగా విడిపోయింది. బండి చివరి వంపు దగ్గర నేను భయపడి ఇంజను వేగం తగ్గించాను. వెనక పెట్టె వేగం ఇంకా తగ్గలేదు, వచ్చి గుద్దింది. గార్డు కిటికీ అద్దం ఊడింది, ఒక బఫరు విరిగింది. నిజం బండ్లకీ ఈ గండం ఉండేదే. పెట్టె వదిలాక ముందు బండి ఎట్టి పరిస్థితుల్లోనూ వేగం తగ్గించకూడదు. మావయ్యగారు ఒక కాగితం మీద తెలుగులో నియమాలు రాసి గోడకి అంటించారు. మొదటిది: "పెట్టె విడిచిన పిమ్మట డ్రైవరు వెనుకకు చూడరాదు."

మే 25

బఫరు మార్చాను, అద్దం పెట్టాను. ఈ రోజు సాయంత్రం 5:10కి బండి బయల్దేరదీశాం. ఇంజను నా చేతిలో, స్లిప్ లివరు మావయ్యగారి చేతిలో. లివరు నిజానికి ఒక బటనే. ఆయన దానికి కర్రపిడి చేయించుకున్నారు. అమ్మాయి సిగ్నల్ క్యాబిన్లో, అంటే బల్ల చివర స్టూలు మీద, తోక దీపాలు చూడటానికి.

బండి సొరంగంలోంచి వచ్చింది. మావయ్యగారు డిస్టెంట్ సిగ్నల్ దాటేదాకా ఆగి, పిడి లాగారు. అరంగుళం ఎడం కనబడింది, తర్వాత జానెడు, తర్వాత మూరెడు. బండి ప్లాట్‌ఫారం దాటి వంపు తిరిగి గోడ కన్నంలోకి పోయింది. "తోక దీపం వచ్చింది, బండి పూర్తి!" అని అరిచింది అమ్మాయి. పెట్టె ఒంటరిగా వస్తూనే ఉంది, చప్పుడు లేదు. నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, బిస్టర్ ప్లాట్‌ఫారం చివరి బెంచీ దగ్గర నిలబడింది. అనుకున్న చోటుకి రెండు అంగుళాల ముందు.

"రెండంగుళాలు తక్కువొచ్చింది," అన్నాను.

"ఆఖరి తలుపు ప్లాట్‌ఫారం మీదే ఉంది కదండీ," అన్నారు మావయ్యగారు. "దిగనివ్వండి."

వచ్చే వారం పని: ఆగిన పెట్టెను తీసుకుపోవడానికి చిన్న ట్యాంకు ఇంజను ఒకటి కావాలి. లేకపోతే 5:10 ఒక్కసారే నడుస్తుంది.